దోసెడు బియ్యం

మదనపల్లె ఆస్పత్రిలో నాన్నకు గుండె ఆపరేషన్ జరుగుతుంటే, అమ్మ బయట బెంచీ మీద కూర్చుని తిరుమల వెంకన్నకు మొక్కుకుంది. మనిషి లేచి తిరిగితే, దారిలో ఒక ఇంటి ముందు తువ్వాలు పట్టి, బిచ్చమెత్తిన బియ్యంతో కొండకు వస్తాడని. మావైపు ఇది కొత్త మొక్కేమీ కాదు. అందరూ ఏడిళ్లు మొక్కుకుంటారు, అమ్మ దయతలచి ఒక్క ఇల్లే అంది. కాకపోతే ఎవరి మొక్కు వాళ్లు మొక్కుకుంటారు. నాన్నను అడక్కుండా నాన్న చేత బిచ్చమెత్తిస్తానని మొక్కుకోవడం అమ్మకే చెల్లింది. అవతల మా నాన్న, పక్కింట్లో చిటికెడు ఉప్పు కూడా అడగని సేద్యగాడు.

కుప్పంలో నేనుండే ఇంట్లో నాన్న కొన్నాళ్లుండి కోలుకున్నాక, ముగ్గురం పొద్దున్నే నా కారులో బయల్దేరాం. దర్శనం సాయంత్రం. నడపాల్సింది నేను, ఇద్దరి మాటలూ పడాల్సింది నేను.

శాంతిపురం దాటాక ఒక పల్లెలో ఆపాను. నాన్న దిగేముందు చొక్కా నలిగిందేమోనని సర్దుకున్నాడు. బిచ్చానికి వెళ్లే మనిషి! కారునూ చొక్కానూ చూసిన ఇంటాయన పరుగున వచ్చి కుర్చీ వేశాడు.

"యా ఊరప్పా మీది? కూసోండి, కాఫీ తాగి పోదురు."

నాన్న కూర్చున్నాడు. టమాటా ధర, బోర్లలో నీళ్లు, ఎవరి అల్లుడు బెంగళూరులో ఏం చేస్తాడో, అన్నీ అయ్యాయి. అరగంటకు మీసం తుడుచుకుంటూ వచ్చాడు. భుజం మీద తువ్వాలు మడత విప్పలేదు.

"అడిగినావా?" అంది అమ్మ.

"అడగబోతా ఉంటే కాఫీ ఇచ్చినారు."

"కాఫీ మొక్కులోకి రాదు."

పలమనేరు దాటాక ఇంకో పల్లె. ఈసారి కారు దూరంగా ఆపి, నాన్న వాచీ తీయించి, వెనకాలే నడిచాను. ఒకామె తలుపు తీసింది. నాన్న గొంతు సవరించుకుని జేబులో చెయ్యి పెట్టాడు.

"బియ్యముండాయామ్మా? కేజీ ఎట్ల?"

"ఇది అంగడి కాదప్పా," అని ఆమె తలుపేసుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. కారు దగ్గరికొచ్చాక నడిరోడ్డు మీదే అరిచాను.

"కొనేదానికైతే అంగడికి పోలేమా నాన్నా?"

"ఊరికే యాల తీసుకోవాల? మనకేం తక్కువైంది?"

"తక్కువై ఎత్తమన్లేదు. బతికినందుకు ఎత్తమన్నా," అంది అమ్మ కారులోంచి.

పుంగనూరు దాకా ఇద్దరూ పోట్లాడుకున్నారు. నాకు బీపీ పెరిగితే అమ్మ ఇంకో మొక్కు మొక్కుకోవాల్సి వస్తుందని భయమేసింది. పుంగనూరు దాటి సదుం రోడ్డెక్కగానే అమ్మ ఉన్నట్టుండి, "మనూరికి తిప్పు," అంది.

"ఆడికి వద్దు," అన్నాడు నాన్న.

"తెలీనోళ్లు నిన్ను సుట్టాన్ని చేసుకుంటాండారు. తెలిసినోళ్ల ముందర నిలబడు."

అమ్మ ఆపమన్నది మా చేలల్లో ముప్పై ఏళ్లు కూలి చేసినామె ఇంటి ముందు. ఇప్పుడామె కొడుక్కి కరెంటాఫీసులో ఉద్యోగం. ఇల్లు కొత్తది, గేటుంది. నాన్న గేటు దగ్గరే ఆగిపోయాడు. ఆమె చూసి బయటికొచ్చింది.

"అయ్యో, బాగుండావా సామీ? రా, కుర్సీ ఏస్తాను."

నాన్న వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. నా కోపం ఇంకా దిగలేదు.

"కూసోనులే," అన్నాడు. "కొండకు పోతాండాను. మొక్కుండాది. బిచ్చానికొచ్చినా."

ఆమె లోపలికి వెళ్లి చేటలో బియ్యం తెచ్చింది. నాన్న తువ్వాలు విప్పి పట్టాడు. ఆమె ఒక దోసెడు పోసింది. ఇంకో దోసెడు పోసి ఆగింది.

"సాలా సామీ?"

కోతలప్పుడు మా కళ్లంలో ఆమె కొంగు పట్టి నిలబడేది. నాన్న కూలి గింజలు పోసి పక్కకు తిరిగేవాడు. 'చాలా?' అని ఎన్నడూ అడగలేదు. అక్కడే గింజల్లో ఆడుకుంటూ ఉండిన నాకూ ఆ మాట అడగాలని తట్టలేదు. పొద్దుటి నుంచి ఆయన మీద అరిచిన నాకు అప్పుడు సిగ్గేసింది.



"సాలమ్మా," అన్నాడు నాన్న.

ఆమె ఇంకో దోసెడు పోసింది.