పన్నెండో ఇసుక సంచి

ఇంజన్ బలం లేకుండా అంతరిక్షం నుంచి జారుతూ దిగే నౌకకు రెండో అవకాశం ఉండదు. చక్రాలు నేలను తాకాక దాన్ని వెనక్కి లాగే పారాచూట్‌ను మడతపెట్టడం, అందరూ గొడుగాయన అని పిలిచే మనిషి పని. మడతలు కదలకుండా పన్నెండు చిన్న ఇసుక సంచులు పెట్టి, మూట కుట్టేముందు అన్నీ తీసేయాలి.

ఆ రోజు కుట్టాక చూస్తే బల్ల మీద పదకొండే ఉన్నాయి.

"అన్నీ తీశాను బావా, ఒట్టు!" అన్నాడు తోడు పనిచేసే బావమరిది.

"అబద్ధమాడితే పళ్లు రాలగొడతా!" అంటూనే గొడుగాయన రాలగొట్టాడు. నెత్తురుతో సహా రెండు పళ్లు బల్ల మీద పడ్డాయి. అతన్ని మెడపట్టి బయటికి గెంటి, మూట కుట్లన్నీ పరపరా కోసేశాడు. సంచి లేదు. కత్తి తన జేబులో పెట్టుకోబోతే ఆ సంచి అక్కడే వేళ్లకు తగిలింది.

బయటికొచ్చి, "మూటలోనే దొరికింది" అన్నాడు.

నౌక దిగే రోజు ఇద్దరూ కంచె దగ్గర నిలబడ్డారు. వేగం చంపుకోవడానికి అటూ ఇటూ ఒరుగుతూ వచ్చిన నౌక చివరికి రాయిలా దిగింది. చక్రాలు పొగలు కక్కాయి. పారాచూట్ ఫెళ్లున విచ్చుకుని దాన్ని లాగిపట్టింది.

"ఆ రోజు నువ్వు కొట్టకపోతే ఇది తెరుచుకునేదే కాదు బావా," అన్నాడు బావమరిది, ముందు పళ్లు లేని నోటితో నవ్వుతూ.

గొడుగాయన పిడికిలి బిగుసుకుంది. ఈసారి కొట్టాల్సిన మొహం ఎదురుగా లేదు.