నాచారం నీళ్ళ ప్రశ్న

నేను శాసనమండలి సభ్యుడిగా ఉన్న రోజుల్లో ఒక దేశపు కొత్త పార్లమెంటుకు సభ నడిపే పద్ధతులు నేర్పడానికి మా బృందం వెళ్ళింది. అక్కడ అంతర్యుద్ధం ముగిసి, మొదటి ఎన్నికలు అయ్యాయి. సభలో పెయింటు వాసన ఇంకా పోలేదు. కుర్చీల మీద ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి.

ప్రశ్నోత్తరాల పాఠం నా వంతు. "మీ పేరు పిలిచినప్పుడు మీరు సీట్లో ఉండాలి. లేచి ప్రశ్న నంబరు చెప్పాలి. అప్పుడే మంత్రి నోరు తెరుస్తాడు, మీరు ఎదురు ప్రశ్న వేయగలరు. సీట్లో లేకపోతే కాగితం మీది జవాబే గతి" అన్నాను. ఉదాహరణగా నాచారం నీళ్ళ సంగతి ఇచ్చాను.

అది నాకు కళ్ళముందున్న సంగతే. నాచారం ఫ్యాక్టరీల పక్క బస్తీ నుంచి ఒకామె ఉప్పల్‌లో మా ఇంటికి వచ్చేది. వాళ్ళ బోరులో పచ్చగా వచ్చే నీళ్ళు సీసాలో పట్టి తెచ్చేది. "జర సూడన్నా. గీ నీళ్ళతోని తానం జేస్తే బిడ్డ ఒళ్ళంత దద్దుర్లు లేసినయ్" అనేది.

ఆ పరాయి సభలో, ఒకప్పుడు టీచరుగా పనిచేసిన సభ్యురాలు నా పాత్ర వేసింది. నిటారుగా లేచి, నంబరు చెప్పి, "ఆ ఫ్యాక్టరీ పేరు చెప్పండి" అని నిలదీసింది. మంత్రి వేషం వేసినాయన నీళ్ళు నమిలాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఉబ్బిపోయాను.

తిరిగొచ్చాక ఈ ముచ్చట నాచారం ఆమెకు గొప్పగా చెప్పాను.

"గాళ్ళకు మంచిగనే నేర్పినవ్. గీడ ఎప్పుడు అడుగుతవన్నా?" అంది.

సిగ్గేసి ప్రశ్న పంపాను. అదృష్టం కొద్దీ అది మొదటి ప్రశ్నగా వచ్చింది. ఆమెకు గ్యాలరీ పాసు ఇప్పించాను. కూలి పోగొట్టుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. మా సభ చూడటానికి ఆ దేశపు బృందం కూడా అదే రోజు వచ్చింది.

పొద్దున్నే మా పార్టీ వాళ్ళు తెలంగాణ కోసం సభను స్తంభింపజేయాలని నిర్ణయించారు. రాష్ట్రం కావాలన్న నా కోరిక అబద్ధం కాదు. కానీ ఆ రోజు నన్ను పోడియం దగ్గరికి నడిపించింది ఆ కోరిక కాదు. ముందు వరసలో కనబడకపోతే ద్రోహి అంటారన్న భయం. కెమెరా ఎటుందో చూసుకునే అలవాటు. మొదటి ప్రశ్న అయ్యేదాకా ఆగుదామని మా వాళ్ళను అడగొచ్చు. అడగలేదు.

చైర్మన్ నా పేరు పిలిచాడు. ప్లకార్డు పట్టుకుని ఆయన బల్లకు చేయి అందేంత దగ్గరలో ఉన్నాను. ఆయన నా వైపు చూడలేదు, నా సీటు వైపు చూశాడు. మళ్ళీ పిలిచాడు. నేను ఇంకా గట్టిగా అరిచాను. సభ వాయిదా పడింది.

వరండాలో ఆ టీచరు దుబాసీని వెంటబెట్టుకుని వచ్చింది. ఎగతాళి లేదు, నిజంగానే అడిగింది.

"ముందు నంబరు చెప్పి, ఆ తర్వాత అరవొచ్చు కదా?"

"ఇవాళ ప్రత్యేక పరిస్థితి" అన్నాను నవ్వుతూ.

"యుద్ధానికి ముందు మా దగ్గర సభను మూసేసిన ప్రతివాడూ ఆ మాటే అన్నాడు" అంది.

గేటు బయట నాచారం ఆమె నిలబడి ఉంది. "ఒర్రుడు మస్తు ఒర్రినవన్నా. మా ముచ్చటొక్కటే ఇనబడలే" అంది.

తర్వాత రాతలో జవాబు వచ్చింది: విషయం పరిశీలనలో ఉన్నది. మళ్ళీ సీసాతో ఇంటికొచ్చిన ఆమెకు చదివి వినిపించాను.

"గట్లంటే ఏందన్నా?"

"చూస్తున్నారని."

"నేను గూడ సూస్తనే ఉన్న గద" అని సీసా తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ మా ఇంటికి రాలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు ఉప్పల్ చౌరస్తాలో డప్పుల మధ్య కనిపించింది. అప్పటికి నా పదవీకాలం ముగిసింది. పార్టీ మళ్ళీ పంపలేదు.

"అన్నా, మన రాష్ట్రమొచ్చె! ఇగ మా ముచ్చట అడుగుతవా?"

"నాకిప్పుడు సీటు లేదక్కా."

"ఉన్ననాడు గూసున్నవా?"

పక్కనున్నవాళ్ళు పకపకా నవ్వారు. ఆమె కూడా నవ్వుతూనే నా ముఖానికి గులాల్ పూసి గుంపులో కలిసిపోయింది. ఇంటికొచ్చి కడుక్కున్నాను. మా నల్లాలో నీళ్ళు తేటగానే వచ్చాయి.