జపాను కొంగకు చింతపండు వైద్యం

పెళ్ళిలో అందరూ ఏదో ఒక ఘనకార్యం చేస్తారు. ఉంగరం ఇంట్లో మర్చిపోయి గుడికి వచ్చినవాళ్ళున్నారు, దండ వెయ్యబోయి తోడిపెళ్ళికూతురి మెడలో వేసినవాళ్ళున్నారు. నేను మాత్రం నా పెళ్ళికి వారం రోజుల ముందు ఒక కొంగను చంపాను. మామూలు కొంగ కాదు. జపాను కొంగ, బంగారు కొంగ, అన్నిటికీ మించి మా మామగారి కొంగ. ఆ దారుణం ఎలా జరిగిందో చెబుతాను, నవ్వుకోండి. ఆ రోజు నవ్వు రానివాణ్ణి నేనొక్కణ్ణే.

డెబ్బైల నాటి మాట. అప్పట్లో చొక్కా జేబు కింద నీలం మరక లేని మగవాణ్ణి చదువుకున్నవాడిగా లెక్కేసేవాళ్ళు కాదు. పొద్దున్నే పెన్ను విప్పి, ఫిల్లరుతో సిరా పోసి, పాళీ తుడిచి, పాత పేపరు మీద ఒకసారి సంతకం చేసి చూసుకుంటే గాని మాకు కాఫీ దిగేది కాదు. పెన్నును ఇంకొకరి చేతికిస్తే పాళీ పాడైపోతుందని భయం. బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఎవరైనా మొహమాటపెట్టి అడిగితే, క్యాపు మన దగ్గర ఉంచుకుని పెన్ను మాత్రం ఇచ్చేవాళ్ళం. క్యాపు లేని పెన్ను జేబులో పెట్టుకుని ఎవడూ పారిపోలేడు కదా. ఇప్పటి పిల్లలకు ఈ తెలివితేటలు చెబితే జాలిగా చూస్తారు.

నేను ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ కడుతున్న రోజుల్లో అక్కడ స్టోర్సులో గుమాస్తాను. మా అమ్మా నేనూ భవానీపురంలో ఉండేవాళ్ళం. గుడివాడలో రిటైరైన హెడ్మాస్టరు జ్ఞానరత్నం గారి చిన్నమ్మాయి సుగుణతో నాకు సంబంధం కుదిరింది. ప్రధానం రోజున, పాస్టరుగారి ప్రార్థన అయ్యాక, మామగారు లోపలికెళ్ళి మఖమల్ గుడ్డలో చుట్టిన పెన్ను తెచ్చారు.

నిగనిగలాడే నల్లటి పెన్ను. దాని ఒంటి మీద రెక్కలు విప్పిన ఒక కొంగ. బంగారు కొంగే గాని, ధగధగలాడే బంగారం కాదు. సాయంకాలం ఎండలా కాస్త మెత్తగా, కాస్త మసకగా ఉంది.

"మా తమ్ముడు ఓడలో డాక్టరు. జపాను నుంచి తెచ్చాడు," అన్నారు మామగారు. "ఇది రంగనుకునేవు బాబూ. కాదు. చెట్టు పాలు. ఒక పూత పూయడం, తేమగా ఉండే చెక్కబీరువాలో పెట్టడం. విచిత్రమేంటంటే, ఎండలో ఆరదిది, తేమలోనే ఆరుద్ది. అట్టా పూత మీద పూత. ఆఖరి పూత పచ్చిగా ఉండగానే వెదురు గొట్టంలోంచి బంగారప్పొడి జల్లుతారు. ఒక్క పెన్నుకి నెలలు పడుద్దంట. ఈ కొంగకి వెయ్యేళ్ళు ఆయుష్షని వాళ్ళ నమ్మకం."

"అబ్బో," అన్నాను.

"మా ఇంట్లో పెళ్ళి రిజిస్టర్లో సంతకాలన్నీ దీంతోనే. ప్రధానం నుంచి పెళ్ళి దాకా పెన్ను అల్లుడి దగ్గరుంటుంది, అది మా ఆనవాయితీ. పెద్దల్లుడు చిన్న గీత కూడా పడకుండా తెచ్చాడు." ఒక్క క్షణం ఆగి నా వైపు చూశారు. "పెన్నునే చూసుకోలేనివాడు పిల్లనేం చూసుకుంటాడు చెప్పు? నేనెవరికిచ్చినా క్యాపు దగ్గర పెట్టుకునే ఇస్తాను. నీకు క్యాపుతో సహా ఇస్తున్నా."

ఆ మాటకు నా ఛాతీ ఉబ్బింది. గుమ్మం పక్క నుంచి సుగుణ చూస్తోంది కూడాను. అలా ఉబ్బకుండా ఉంటే ఈ కథే లేదు.

ఇక్కడ నా గొప్పతనం ఒకటి మీకు చెప్పాలి. చిన్నప్పటి నుంచి క్రిస్మస్ ముందు మా గుడిలో ఇత్తడి సామాను తోమే బాధ్యత నాది. కానుకల పళ్ళెం, దీపపు స్తంభాలు, గంట, అన్నీ నా చేతిలో పడితే అద్దాలే. "తోమితే డేవిడే తోమాలి," అని పాస్టరుగారు ప్రసంగంలో చెప్పిన రోజు కూడా ఉంది. జీవితంలో నాకొచ్చిన బిరుదు అదొక్కటే. అలాంటివాడి దగ్గర మసకబారిన బంగారు కొంగ వారాల తరబడి ఉంటే ఏమవుతుంది?

ఆదివారం గుడి నుంచి రాగానే పెరట్లో పీట వేసుకున్నాను. కొంగ ఉన్న కింది గొట్టాన్ని పెన్ను నుంచి విప్పాను. చింతపండు నానబెట్టాను. ఇటుకపొడి జల్లెడ పట్టాను, గీతలు పడకూడదు కదా, అంత జాగ్రత్త. కొబ్బరి పీచు తీసుకుని, మామగారు మురిసిపోతున్నట్టు ఊహించుకుంటూ, పాట పాడుకుంటూ తోమాను. కడిగి, తుడిచి, ఎండకు ఎత్తి చూశాను.

అమ్మ వచ్చి నా భుజం మీద నుంచి తొంగిచూసింది. "ఇక్కడ కొంగుండాలి గదరా?"

"ఉండాలమ్మా."

"ఏదీ?"

"ఎగిరిపోయిందమ్మా."

ఒక కాలు మిగిలింది. మోకాలి నుంచి కిందికి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా కొంగకు మెరుగు పెడితే ఉన్న కొంగే ఊడింది. జపానువాళ్ళు నెలల తరబడి కూర్చుని వెయ్యేళ్ళ ఆయుష్షు పోస్తే, భవానీపురంలో నేను మధ్యాహ్నం భోజనానికి ముందే దాని పని ముగించేశాను. పెళ్ళికి వారం ఉంది. సుగుణ నన్నేమనుకుంటుందో, ఆ పెద్దాయన ముఖం ఎలా చూడాలో తెలియలేదు.

వెంటనే గుడివాడ బస్సెక్కి కాళ్ళ మీద పడితే పోయేది. కాని తెలివైనవాణ్ణి కదా, ఆటోనగర్ బస్సెక్కాను. అక్కడ లారీలకు బొమ్మలు వేసే సుభాని అంటే బెజవాడంతా పేరు.

లారీ తలుపు మీద పులికి మీసాలు దిద్దుతున్న సుభాని, నేనిచ్చిన గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బండి బాగా చిన్నదండీ," అన్నాడు.

"దీని మీద బంగారు కొంగ వెయ్యాలి."

"కొంగెవరు ఏయించుకుంటారండీ? నెమలి ఏస్తా. హంస ఏస్తా. నా హంస హైదరాబాదు దాకా తిరుగుతా ఉంది తెలుసా మీకు?"

"కొంగే కావాలి. జపాను కొంగ."

"ఎట్టుంటదో చూపించండి మరి."

చూపించాను. ఆటోనగర్ నడిబొడ్డున ఒంటికాలి మీద నిలబడి, రెండు చేతులూ చాచి, మెడ ముందుకు సాచాను. చుట్టుపక్కల సుత్తుల చప్పుడు ఆగిపోయింది. "కాసేపు అట్టానే ఉండండి," అన్నాడు సుభాని, కుంచె అందుకుంటూ.

తయారైన పక్షికి మెడ హంసది, తోక నెమలిది, ముక్కు మిరపపండులా ఎర్రగా ఉంది. చెరోపక్కా తామరపువ్వు. గొట్టమంతా బంగారురంగు పెయింటు చిక్కగా దట్టించాడు.

"తామరపువ్వులెందుకన్నా?"

"ఖాళీగా ఉంటే బాగోదండి. వెనక కూడా చిన్న పని చేశాను. పెళ్ళంటున్నారుగా, దానికేమీ తీసుకోనులెండి."

గొట్టం పచ్చిగా ఉంది. చీపురుపుల్ల మీద నిలబెట్టి ఇచ్చాడు. తిప్పి చూసే ధైర్యం నాకు లేకపోయింది. దారంతా కొవ్వొత్తి పట్టుకున్నట్టు పట్టుకుని ఇంటికి తెచ్చాను.

ఇక ఆరబెట్టాలి. మామగారి పాఠం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది నాకు. వంటింట్లో నీళ్ళ కుండ కింద తడి ఇసకలో పుల్ల గుచ్చి, మీద బుట్ట బోర్లించి, దాని మీద తడిగుడ్డ కప్పాను.

"ఎండలో పెట్టరా," అంది అమ్మ.

"ఎండలో ఆరదమ్మా. తేమలోనే ఆరుతుంది. అది జపాను విద్య."

"ఏసింది ఆటోనగర్లో గదరా?"

ఆవిడ ఎనిమిదో తరగతి, నేను బీకాం. నేను వినలేదు. పైగా వానాకాలం, తేమకు కొదవ లేదు. పెళ్ళిరోజు దాకా పూటపూటా తడిగుడ్డ మార్చి, పసిబిడ్డను సాకినట్టు సాకాను.

పెళ్ళినాడు గుడివాడలో, గుడి వెనక గదిలో పెన్నులో సిరా నింపుతుంటే వేలికి కొంచెం జిగురు తగిలింది. చెమటేమో అనుకున్నాను. గదిలో వెలుతురు తక్కువ, నా గుండెల్లో అంతకన్నా తక్కువ.

ప్రమాణాలయ్యాయి. సంతకాల కోసం రిజిస్టరు ముందుకు చేరాం. నేను సంతకం చేసి పెన్ను సుగుణకివ్వబోతే అది రాలేదు. లాగితే వచ్చింది, నా మూడు వేళ్ళూ బంగారమయ్యాయి. సుగుణ సంతకం చేసి, వేళ్ళు తెల్లచీరకు తుడుచుకుంది. చీర మీద పసుపుపచ్చ చారలు మూడు.

"ఏంటండీ ఇది, వదలట్లేదు?" అంది గుసగుసగా.

"మెల్లిగా. మీ నాన్నగారు చూస్తారు."

మామగారికి పొద్దుటి నుంచి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. ఆఖరి పిల్ల వెళ్ళిపోతోంది. ఆయన ఏ క్షణాన బావురుమంటారోనని బంధువులంతా కాచుకుని ఉన్నారు. ఆయన రుమాలుతో ముక్కు తుడుచుకుని, పెన్ను అందుకుని, ఆగిపోయారు. కళ్ళజోడు సవరించుకుని కొంగను చూశారు. తామరపువ్వులను చూశారు. ఆయన గడ్డం వణకడం మొదలైంది. నాకు ప్రాణం పోయింది. మెల్లగా పెన్ను తిప్పారు. వెనక సుభాని ఉచితంగా చేసిన పని ఉంది, ఎర్ర అక్షరాలతో. హెడ్మాస్టరు కదా, అక్షరాలు కనబడితే పైకి చదవకుండా ఉండలేరు.

"నన్ను... చూసి... ఏడవకు," అని చదివారు.

పాస్టరుగారు బైబిలు వైపు చూస్తూ ఉండిపోయారు. ముందు మామగారి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకుని పెద్దల్లుడు పట్టుకోబోయాడు. ఏడవడం కాదు. ఆ పెద్దాయన గోడకు ఆనుకుని, కళ్ళల్లోంచి నీళ్ళు కారేలా నవ్వారు. ఆ నీళ్ళు తుడుచుకుంటే ముఖమంతా బంగారమైంది. మా పెళ్ళి ఫోటోలో ఆయన మీసం ఒకపక్క మచ్చలా కనబడడానికి కారణం ఇదే.

భోజనాలయ్యాక నన్ను పక్కకు పిలిచారు. "కొంగేమైంది బాబూ?"

"తోమానండి."

"దేంతో?"

"చింతపండుతోనండి."

"ఇటుకపొడి కూడానా?"

"జల్లెడ పట్టే వేశానండి."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు, నా కోటు మీద కూడా బంగారం అంటింది. "చూసుకోవని అనను. మహా శ్రద్ధగా చూసుకుంటావు, అది తెలుస్తానే ఉంది. మా పిల్ల విషయంలో మాత్రం ఆ శ్రద్ధ కాస్త తగ్గించు నాయనా," అన్నారు.

ఆ పెన్నును ఆయన మళ్ళీ బాగు చేయించలేదు. ఎండలో ఆరబెట్టుకుని, పోయేదాకా జేబులో పెట్టుకు తిరిగారు. ఎవరడిగినా తిప్పి వెనక రాత చూపించేవారు. ఆయన పోయిన రోజు జేబులోంచి దాన్ని తీసినప్పుడు, ఆ రాత ఉన్నా సరే, నేను ఏడ్చాను.

కాబట్టి చదువరులారా, మీరందరూ సాక్షులుగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో చింతపండు చేత పట్టి, పీచు ధరించి, ఏ వస్తువునూ తోమబోను. ఈ ప్రమాణాన్ని మా ఇంట్లో రోజూ రాత్రి భోజనాలయ్యాక గంభీరంగా చదివి వినిపిస్తుంటాను. సుగుణ కూడా రోజూ ఒకే జవాబు చెబుతుంది.

"అవి స్టీలు గిన్నెలండీ, ఎగిరిపోవు. లేవండి."