దీపం తిప్పిన గురువుగారు

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. అయినా తెల్లవాళ్ల ఏలుబడి చివరి రోజుల్లో మారిషస్‌లోని బాన్ అక్యూయ్ అనే ఊళ్లో పిల్లలకు భజన నేర్పిన గురువుగారంటే ఇప్పటికీ ఇష్టమే. ఎవరేం అడ్డుచెప్పినా ఆయన తాళాలు ఓసారి మోగించి, "అయితే ఇంకోలా చేద్దాం" అనేవారు.

మా రామభజనలో దీపం మధ్యన ఉంటుంది. పిల్లలు దాని చుట్టూ తిరుగుతూ పాడాలి. పోలియోతో కాళ్లు చచ్చుబడిన ఓ పిల్ల మాత్రం, వాళ్లలో కలవాలని ఎంత ఉన్నా, గుమ్మం దగ్గరే కూర్చుని గొంతు కలిపేది.

"తిరగలేనిదానికి భజనెందుకు? పూర్వజన్మ పాపం!" అన్నాడు ఓ పెద్దాయన. నేను పూర్వజన్మను చీల్చి చెండాడబోయేలోగా తాళాలు మోగాయి.

"ఆలే, కానివ్వండి, అందరూ కూర్చోండి! ఇవాళ దీపమే తిరుగుతుంది."

ఆ పిల్లనూ వరుసలో కూర్చోబెట్టారు. పళ్లెంలో దీపం చేతులు మారుతూ ఆమె దగ్గరికి వచ్చింది. వచ్చాక ఎంతకీ వదలదే!

"ఏయ్, మాకూ ఇవ్వవే!" అని పక్కపిల్ల గిల్లింది.

"ఉండవే, ఇంకో చరణముంది!"

జాలిపడేవాళ్లు గిల్లరు. నా వాదాలన్నీ కలిసినా ఆ పిల్లకు అలాంటి ఒక్క గిల్లుడు సంపాదించి పెట్టలేకపోయాయి.