భయపడి నీళ్ళు మానేశాను

ఆ రోజు ఒర్రె దాటుతుంటే ఎడమ మోకాలు ఉన్నట్టుండి పట్టు తప్పింది. బెల్లంపల్లిలో మేముండే బొగ్గుబాయి క్వార్టర్ల వెనక చిన్న వాగులాంటి ఒర్రె పారుతుంది. ఆడవాళ్ళం దొడ్డికి పోవాలంటే తెల్లవారకముందే గుంపుగా దాన్ని దాటి తుమ్మపొదల దాకా పోవాలి. తిరిగి వస్తూ రాళ్ళ మీద పడ్డాను. పక్కింటివాళ్ళు రెక్కలు పట్టుకుని ఇంటికి తెచ్చారు. అప్పటికి నాకు అరవై దాటాయి. అంతవరకు ఎవరినీ గ్లాసు మంచినీళ్ళు కూడా అడగకుండా బతికినదాన్ని.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే నా కోడలు రాజవ్వ రాస్తోంది. మధ్యలో మూతి తిప్పుతోంది కూడా. అదీ రాయమన్నాను.

నా కొడుకు మల్లేశం బాయిలో పనిచేస్తాడు. సెలవు పెట్టి నన్ను పెద్ద దవాఖానకు తీసుకుపోయి ఎక్స్-రే తీయించాడు. డాక్టరు గుంటూరు దిక్కు మనిషి. ఫిలిమ్‌ను వెలుతురుకు పట్టి చూసి, "ఫ్రాక్చర్ లేదమ్మా. మోకాళ్ళు అరిగాయి. నాలుగు రోజులు రెస్టు తీసుకుని మెల్లగా నడవండి" అన్నాడు. రెస్టు మాట బాగానే విన్నాను. నడవమన్న మాట చెవికెక్కలేదు. ఒర్రె గుర్తొస్తేనే మంచం దిగబుద్ధయ్యేది కాదు.

ఇక బయటికి పోవాలంటే రాజవ్వ చెయ్యి పట్టుకోవాలి. ఒకరోజు మిట్టమధ్యాహ్నం అవసరం పడింది. ఆమె చంటిపిల్లకు పాలిస్తోంది. పిల్లను చాప మీద పడుకోబెట్టి, అది గుక్కపట్టి ఏడుస్తున్నా వదిలేసి, నన్ను నడిపించుకుపోయింది. నల్లా దగ్గర ఉన్నవాళ్ళంతా తల తిప్పి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. మా అత్త గుర్తుకొచ్చింది. ఆమె మంచం పట్టి మళ్ళీ లేవలేదు. అన్నీ మంచంలోనే. నేను శుభ్రం చేస్తున్నంతసేపూ ముఖం గోడవైపు తిప్పుకునేది. నేనూ అట్లా గోడవైపు తిరిగి పడుకోవాల్సి వస్తుందని భయమేసింది.

తాగకపోతే పోనక్కర్లేదు కదా అని ఆ రోజే అనుకున్నాను. రాజవ్వ పొద్దున్నే చెంబు నిండా నీళ్ళు పెట్టేది. నేను గొంతు తడుపుకుని, ఆమె నల్లాకు పోయినప్పుడు మిగతావి గడప పక్కనున్న కరివేపాకు చెట్టుకు పోసేదాన్ని. గంజి వద్దన్నాను, చారు వద్దన్నాను. ఆకలి లేదంటే పాపం నమ్మింది. ఎంత తెలివిగలదాన్నో అనుకున్నాను. రాజవ్వ ఇక్కడ పెన్ను ఆపి నన్నే చూస్తోంది.

ఎండలు ముదిరాయి. నాలుక అట్టకట్టింది. లేచి నిలబడితే ఇల్లంతా తిరిగేది. అందుకని నిలబడడం మానేశాను, తర్వాత కూర్చోవడమూ తగ్గింది. మొదట తల దువ్వుకోవడం రాజవ్వ చేతికి పోయింది. తర్వాత స్నానం. తర్వాత చీర కట్టుకోవడం. ఒక్కో పని పోతుంటే ఇక అది తిరిగి రాదనిపించేది. ఆ భయం ఎవరికి చెప్పాలి? చెబితే నీళ్ళ సంగతి బయటపడుతుంది.

ఒంటికి పోతే మంట మొదలైంది. దానివెంట చలిజ్వరం. ఒక సాయంత్రం మల్లేశం షిఫ్టు నుంచి వస్తే, చనిపోయిన మా ఆయన వచ్చాడనుకుని కొంగు సర్దుకున్నానట. వాడు గడపలోనే కూలబడి ఏడ్చాడట. నాకు అదేమీ జ్ఞాపకం లేదు. ఇది ఎవరి ఇల్లో తెలియక, నన్నెవరో తెచ్చి ఇక్కడ వదిలేశారని వణికిపోయింది మాత్రం బాగా జ్ఞాపకం ఉంది.

మళ్ళీ అదే దవాఖాన, అదే డాక్టరు. యూరిన్ టెస్టు చేయించి గ్లూకోజ్ ఎక్కించాడు. నా చేతి మీది తోలు రెండు వేళ్ళతో పట్టి వదిలితే అది లేచిన చోటే నిలబడింది. నాకు తెలివి వచ్చాక, రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతున్నారని అడిగాడు. చెంబెడు అన్నాను. ఆయన నమ్మలేదు.

"డీహైడ్రేషన్ ఉంది, యూరిన్‌లో ఇన్ఫెక్షన్ ఉంది. ఇదంతా మోకాలి వల్ల వచ్చింది కాదమ్మా. నిజం చెప్పకపోతే మీరిక నడవలేరు" అన్నాడు.

ఆ చివరి మాటకు నాకు ఏడుపు ఆగలేదు. చెట్టుకు పోసిన నీళ్ళ సంగతి చెప్పేశాను. రాజవ్వ పక్కనే ఉంది. కోపం చేస్తుందనుకున్నాను.

"నేను నీకు చెయ్యనంటినా అత్తమ్మా? గంత పరాయిదాన్నయిననా?" అంది.

"నువ్వు చేస్తవని తెలుసు బిడ్డా. గదే నా భయం" అన్నాను.

ఇంటికొచ్చాక మల్లేశం వెనకవైపు తడకలు కట్టాడు. పాత కుర్చీకి నడుమ చెక్క కోసి కింద కుండ పెట్టాడు. ఆ కుండలో బూడిద వేసి పారబోసేది కూడా వాడే. మంచం నుంచి అక్కడిదాకా పట్టుకోవడానికి వెదురుగడ కట్టి, "జర పట్టుకో అవ్వా, నేనున్న" అన్నాడు. పట్టుకున్నాను గానీ కాళ్ళు కదలలేదు. తొడల్లో కండ లేదు. కొన్నాళ్ళకు కాస్త నడక వచ్చిందనుకునేసరికి, వాన తడికి జారి గడ పక్కనే కూలబడ్డాను. దెబ్బ తగల్లేదు. అయినా ఆ రోజు మళ్ళీ చెంబు పక్కకు జరిపాను. రాజవ్వ చూసింది. ఎదురుగా కూర్చుని, నేను తాగేదాకా లేవలేదు.

ఇప్పుడు స్నానం నేనే చేస్తాను, చీర నేనే కట్టుకుంటాను. మనవరాలి తల కూడా దువ్వుతాను. ఒర్రె మాత్రం దాటను. మంచం దిగే ప్రతిసారీ ఇప్పటికీ భయమేస్తుంది. భయపడుతూనే దిగుతాను.

ఒక్క మాట చెబుతాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళు నీళ్ళు తాగకపోతే, ఎందుకు తాగవని గదమాయించకండి. బయటికి పోవడానికి భయమవుతోందా అని అడగండి. నన్ను ఆ మాట అడిగి ఉంటే మొదటిసారే చెప్పేదాన్నని అనను, అది అబద్ధం. రెండోసారి అడిగితే చెప్పేదాన్ని.