ఎదురుసుడి దున్న

మాంసానికి దున్నలు పెంచేవాడికి ముక్కు ఉండకూడదు. నాకుంది, అదీ పెద్దది. చెరుకుపల్లి దగ్గర మా దొడ్లో పేడ, మూత్రం, పులిసిన తవుడు కలిసి కొట్టే కంపు రేపల్లె దాకా పోతుందని అందరికీ చెబుతుంటాను. నిజానికి మా వీధి మలుపు దాటదు.

ఆ ఏడు దొడ్లో ఒక్క దున్నను విత్తనానికి ఉంచుకుని, మిగిలినవన్నీ తెనాలి బేరగాడికి ఇవ్వాలి. ఉంచుకున్నది సరైనది కాకపోతే ఇక పుట్టే దూడలన్నీ ఎముకల గూళ్ళే. చివరికి రెండు మిగిలాయి. ఒకటి నల్లగా నిగనిగలాడేది, నుదుట చక్కని సుడి. రెండోదానికి వీపు మీద అచ్చిరాదనే ఎదురుసుడి, ఎప్పుడూ కారే చీమిడి, పుసి కట్టిన కళ్ళు. దాన్ని చూస్తే నాకు అన్నం సహించేది కాదు. సుడి చూసి పశువు తీరు చెప్పడంలో బాపట్ల దాకా నన్ను మించినవాడు లేడు. ఇదీ నేను చెప్పుకునే మాటే.

పశువుల డాక్టరమ్మ మాత్రం వినలేదు.

"సుడి చూస్తే బరువు తెలీదండి. తోక వెంట్రుకలు జన్యు పరీక్షకు పంపితే ఏది ఏ దున్నకు పుట్టిందో, ఏది బాగా ఎదుగుతుందో ముందే ఒక అంచనా వస్తుంది."

"రెండూ మా పాత దున్నకు పుట్టినవే. నాకు తెలీదా అమ్మా?"

"కోతలయ్యాక గేదెల్ని చేలో వదిలేస్తారుగా. అక్కడ మీరేమైనా కాపలా ఉన్నారా తాతగారూ?"

కత్తెరతో రెండిటి తోకల నుంచీ నాలుగేసి వెంట్రుకలు కత్తిరించి ఆవిడ దగ్గరికి పట్టుకెళ్ళాను. కుదుళ్ళతో పీకితేనే పనికొస్తాయంటూ ఆవిడే దొడ్డికి వచ్చారు. ఒంటిచేత్తో తోక మెలేసి పీకానని ఊళ్ళో చెప్పాను. పీకింది ఆవిడ. నేను గడ్డివాము వెనక ఉన్నాను. అయినా పేడ నా చొక్కా దాకా వచ్చింది.

ఫలితం వచ్చింది. నిగనిగలాడేది మా పాత దున్నకు పుట్టనే లేదు, ఎదుగుదల అంచనాలో బాగా అడుగున ఉంది. పైన ఉన్నది చీమిడి ముక్కుది.

"చీమిడి మందుకు పోతుందండి. ఎదుగుదల మందుకు రాదు," అన్నారు డాక్టరమ్మ.

లారీ వచ్చింది. బేరగాడు ఎదురుసుడి దాని తాడు పట్టుకున్నాడు.

"దాన్నొదిలెయ్. నల్లదాన్ని ఎక్కించు."

"నుదుటి సుడిదాన్నా? ఇన్నేళ్ళు నాకు సుడుల పాఠం చెప్పావేంటి బాబాయ్?"

"నోరు మూసుకుని ఎక్కించు."

అతను నవ్వుతూనే ఎక్కించాడు. నా పాఠం వల్ల అంతకుముందు ఎన్ని మంచివి ఆ లారీ ఎక్కాయో తలచుకుని మొహం పక్కకు తిప్పుకున్నాను. ఈసారి కంపు వల్ల కాదు.

లారీ పోయాక ఎదురుసుడి దానికి తవుడు పెట్టబోతే నా చేతిలోనే తుమ్మింది. చీదరించుకుంటూ వెళ్ళి మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కుని, మళ్ళీ వచ్చి పెట్టాను.