వంద దాటిన ముల్లు

మొన్న ఎమ్మిగనూరు మెకానిక్ షెడ్డులో గేరాయిల్ వాసన తగలగానే నాయన కారు గుర్తొచ్చింది.

చిన్నప్పుడు నాయన బాడుగ కారుకు గేర్‌బాక్స్ పోతే, ఆదోనిలో వేరే రకం బండిది పాతది తెచ్చి బిగించినారు. ఇంటికి వస్తాంటే స్పీడు ముల్లు వంద దాటింది. సచ్చిపోతామని సీటు పట్టుకొని ఏడిస్తిని.

"నాయనా, మెల్లగా పో!"

"ముల్లును నమ్మాకు పాపా. దాన్ని తిప్పేది గేర్‌బాక్సే, అది వేరే బండిది గదా, తప్పు సూపిస్తాది. బయట సూడు."

చూస్తే, పత్తి మూటల ట్రాక్టరు మమ్మల్ని దాటుకొని పోతాంది. నాకు నవ్వొచ్చింది.

నాయన నవ్వలేదు. చెంపల మీద చెమట కారుతాన్నా గేర్‌రాడ్డు మీద చేయి తీయలేదు. ఆ పాత గేర్‌బాక్స్ యాడ పట్టేసి బండి అదుపు తప్పుతాదోనని ఆయన అంత మెల్లగా తోలినాడని, పెద్దయి నేను స్టీరింగ్ పట్టినాకే తెలిసింది. ఆ పొద్దు కారులో భయపడింది నేనొక్కదాన్నే కాదు.